మధ్యాహ్నం పూట కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతోంది, లెక్కల డేటా తెరుచుకోవడం లేదు

యార్డు గుమాస్తా (గుంటూరు)
మార్చి 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. రైతు సరుకు దించిన దగ్గర నుంచి పట్టీ (తూకం, ధర, రావలసిన డబ్బు చూపే చీటీ) రాసి డబ్బు చేతికిచ్చే దాకా ప్రతి లెక్కా మా కొట్టులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు మీద నడుస్తుంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10, అందులో లెక్కలు రాసుకునే ట్యాలీప్రైమ్ ప్రోగ్రాము ఉన్నాయి. పది రోజులుగా ఈ కంప్యూటరు మధ్యాహ్నం ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య ఉన్నట్టుండి ఆగిపోతోంది. షట్‌డౌన్ అవుతున్నట్టు తెర మీద ఏ మాటా రాదు, దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా పోతుంది. ఉదయం పూట ఎన్ని గంటలు పని చేసినా ఒక్కసారి కూడా ఆగలేదు.

నిన్నటి దాకా మళ్లీ ఆన్ చేసుకుని నెట్టుకొచ్చాము. ఈ రోజు రెండోసారి ఆగిన తరువాత ట్యాలీలో మా కంపెనీని తెరవబోతే తెరుచుకోలేదు, డేటాలో తేడా ఉందన్న సందేశం వచ్చింది. తెలిసిన మెకానిక్ ఒకరు వచ్చి చూసి, వైరస్ అయి ఉంటుందనీ, ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందనీ, రేపు పది గంటలకు వస్తాననీ చెప్పి వెళ్లారు. మా షావుకారు గారు సరేనన్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మార్చి 31 దగ్గర పడింది. తేజ, 341 రకాల మిర్చి టిక్కీలు (గోనె బస్తాలు) దించడానికి చోటు చాలనంతగా సరుకు వస్తున్న రోజులివి. ఏడాది లెక్క పోతే రైతులకు నేను ఏమని సమాధానం చెప్పాలి? తెలిసినవారు దయచేసి దారి చూపండి.

బ్రాడీపేట సర్వీసు
మార్చి 4, రాత్రి 9:42

గుమాస్తా గారూ, ముందుగా ఆ మెకానిక్ గారికి ఇప్పుడే ఫోన్ చేసి ఫార్మాట్ వద్దని చెప్పండి. మీకు ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. కంప్యూటరు ఎందుకు ఆగుతోంది అనేది ఒకటి, డేటా ఎందుకు తెరుచుకోవడం లేదు అనేది రెండోది. రాస్తున్న క్షణంలో కరెంటు తెగితే ఏ లెక్కల ఫైలైనా సగంలో నిలిచిపోతుంది కాబట్టి, మొదటిది రెండోదానికి కారణమై ఉండవచ్చు. ఫార్మాట్ వీటిలో దేనికీ మందు కాదు. వేడి వల్ల ఆగినా, కరెంటు వల్ల ఆగినా, విండోస్‌ను కొత్తగా ఎక్కించినంత మాత్రాన ఆ వేడీ తగ్గదు, ఆ కరెంటూ కుదుటపడదు. మీ డేటా మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది.

రేపు ఉదయం ఆన్ చేయగానే, ఏమీ బాగుచేయకుండా, ట్యాలీ తెరవకుండా, డేటా ఫోల్డరును పూర్తిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మామూలుగా అది సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, ట్యాలీప్రైమ్, డేటా అనే వరుసలో ఉంటుంది. లోపల కంపెనీకి ఒకటి చొప్పున అంకెల పేరుతో ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిలో ఏది మీదో వెతుకుతూ కూర్చోకుండా మొత్తం తీసుకోండి. ఆ తరువాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము నడిపి, హార్డ్‌డిస్క్ ఆరోగ్యం గురించి అది ఏమి చూపిస్తోందో ఇక్కడ రాయండి. ఒకసారికి ఒక్క పనే చేయండి, చేసినదీ చేసిన సమయమూ కాగితం మీద రాసుకోండి.

ఏలూరు రోడ్డు విద్యార్థి (విజయవాడ)
మార్చి 4, రాత్రి 10:15

నా ల్యాప్‌టాప్‌లో ఇలాగే ఫైళ్లు తెరుచుకోనప్పుడు డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ అనే విండోస్ ఆదేశాన్ని ఆర్ అక్షరంతో కలిపి నడిపాను, రాత్రంతా నడిచి తెల్లారేసరికి అన్నీ సరిపోయాయి. కాపీ కంటే ముందు అది ఒకసారి ప్రయత్నించవచ్చు కదండీ?

బ్రాడీపేట సర్వీసు
మార్చి 4, రాత్రి 10:31

తమ్ముడూ, మీ ల్యాప్‌టాప్‌లో డిస్కు గట్టిగా ఉండి, ఫైళ్ల అమరిక మాత్రమే చెదిరి ఉంటుంది, అందుకే పని చేసింది. ఇక్కడ డిస్కు గట్టిగా ఉందో లేదో మనకు ఇంకా తెలియదు. ఆ ఆదేశం డిస్కు మీద ప్రతి సెక్టారునూ (డేటా రాసే చిన్న గడినీ) చదవడానికి ప్రయత్నిస్తుంది. డిస్కు అసలే నీరసించి ఉంటే ఆ ఆరేడు గంటల శ్రమలోనే ప్రాణం వదలవచ్చు. పైగా అది ఫైళ్ల అమరికను సరిదిద్దే క్రమంలో, పొసగని ముక్కలను విడదీసి వేరే ఫోల్డరులో పడేస్తుంది. అది ఫైలు వ్యవస్థను కాపాడడానికి పుట్టిన ఆదేశమే తప్ప మీ ఫైలును కాపాడడానికి పుట్టినది కాదు. కాపీ చేతికి వచ్చాక ఏదైనా చేయవచ్చు, అంతవరకు వద్దు.

యార్డు గుమాస్తా
మార్చి 5, ఉదయం 8:50

షావుకారు గారిని ఒప్పించాను, ఫార్మాట్ ఆపించాము. ఉదయం ఏడింటికి వచ్చి కాపీ మొదలుపెట్టాను. సగం దాకా బాగానే వెళ్లి ఒక ఫైలు దగ్గర ఆగిపోయింది. ఇరవై నిమిషాలు చూశాను, కదలలేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో హెచ్చరిక చూపిస్తోంది. 05 అనే వరుసకు ఎదురుగా సున్నాల చివర 8 అనీ, సీ5 వరుసకు ఎదురుగా సున్నాల చివర 18 అనీ ఉంది. అంటే 18 చోట్ల చెడిపోయిందని అర్థమా?

బ్రాడీపేట సర్వీసు
మార్చి 5, ఉదయం 9:05

ఆ ప్రోగ్రాము చివరి గడిలోని విలువలను మామూలుగా పదహారు ఆధారమైన లెక్కలో చూపిస్తుంది, కాబట్టి అక్కడి 18 అంటే మన లెక్కలో 24. సీ5 అంటే డిస్కు చదవలేక, ఇంకా తీర్పు ఇవ్వకుండా పక్కన పెట్టిన సెక్టార్లు. కరెంటు తెగిన క్షణంలో సగం రాసిన సెక్టారు కూడా ఈ లెక్కలోకే వస్తుంది కనుక, దాన్ని ఒక్కదాన్నే చూసి డిస్కు పోయిందని నేను అనను. కానీ 05లో 8 ఉందంటే, ఎనిమిది సెక్టార్లను ఇక పనికిరావని తీసేసి, వాటి బదులు అదనపు సెక్టార్లను వాడుకోవడం ఇప్పటికే మొదలైందన్నమాట. ఈ డిస్కును ఇక నమ్మవద్దు.

కాపీ ఆగిన చోటు గురించి చెబుతాను. విండోస్‌లోనే రోబోకాపీ అనే ఆదేశం ఉంది. దాన్ని ఊరికే వాడితే, చదవలేని ఫైలు దగ్గర సారికి 30 సెకన్ల విరామం ఇస్తూ పది లక్షల సార్లు ప్రయత్నించాలన్నది దాని స్వభావం, అంటే అక్కడే కూర్చుండిపోతుంది. అందుకని ఆదేశం చివర స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 అని చేర్చండి. ఒక్కసారి ప్రయత్నించి, రాకపోతే తరువాతి ఫైలుకు వెళ్లిపోతుంది. వచ్చినవన్నీ వచ్చాక, రాని ఫైళ్ల పేర్లు అది తెర మీద రాసిన వరుసల్లో కనిపిస్తాయి. వాటి కోసం ఒకటి రెండు సార్లు విడిగా ప్రయత్నిద్దాము.

యార్డు గుమాస్తా
మార్చి 5, ఉదయం 11:20

మీరు చెప్పినట్టే చేశాను. ఒక్క ఫైలు తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్క ఫైలు కూడా మూడో ప్రయత్నంలో వచ్చింది. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. షావుకారు గారి అమ్మాయి గారి ల్యాప్‌టాప్‌లోకి రెండో కాపీ కూడా తీసుకున్నాను. ఇప్పుడు ఈ డేటాను తెరిచే పద్ధతి ఏమిటి?

పటమట ఆడిటర్ ఆఫీసు (విజయవాడ)
మార్చి 5, మధ్యాహ్నం 12:40

ఇక్కడి నుంచి నేను చెబుతాను, మా ఆఫీసుకు ప్రతి ఏటా మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇలాంటి డేటాలు వస్తుంటాయి. ముందుగా పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీని ముట్టుకోకండి. దాన్ని మరో ఫోల్డరులోకి కాపీ చేసి, ఆ కాపీ మీద మాత్రమే రిపేర్ నడపండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో రిపేర్ ఉంటుంది. మీ పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 రోజుల్లో కంట్రోల్, ఆల్ట్, ఆర్ నొక్కి చేసిన పని ఇదే.

రిపేర్ పూర్తయిందన్న సందేశం చూసి సంతోషించి వదిలేయకండి. చదవలేని వోచర్లను (ఒక్కో లావాదేవీ నమోదును) పక్కన పెట్టేసి, మిగిలిన వాటితో కంపెనీని నిలబెట్టి ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. తెరుచుకుంది కదా అని ముందుకు వెళ్లినవారికి, మూడు నెలల తరువాత జీఎస్టీ రిటర్నుకూ పుస్తకానికీ తేడా వచ్చినప్పుడు గానీ సంగతి తెలియలేదు. అందువల్ల ముందుగా ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నింటి నిల్వల పట్టిక) తీసి, మీ దగ్గర కాగితం మీద ఉన్న చివరి ట్రయల్ బ్యాలెన్స్‌తో పోల్చండి. తరువాత నెలవారీగా ఎన్ని వోచర్లు ఉన్నాయో చూసి, పట్టీ పుస్తకంలోని వరుస నంబర్లతో సరిచూడండి. బ్యాంకు ఖాతా నిల్వ పాసుపుస్తకంతో కలవాలి. ఈ మూడూ కలిస్తే ఆ డేటాను నమ్మవచ్చు. కలవకపోతే ఏ తేదీ నుంచి తేడా మొదలైందో పట్టుకుని, అక్కడి నుంచి కార్బన్ కాపీలు ముందు పెట్టుకుని మళ్లీ ఎక్కించడమే మార్గం.

యార్డు గుమాస్తా
మార్చి 6, రాత్రి 8:30

రిపేర్ అయింది. ఫిబ్రవరి నెలాఖరు దాకా అన్నీ కలిశాయి. మార్చి 2, 3, 4 తేదీల్లో 37 పట్టీలు కనిపించలేదు. కార్బన్ కాపీలు ఉన్నాయి కాబట్టి ఈ రోజు సాయంత్రం కూర్చుని అన్నీ ఎక్కించాను, బ్యాంకు నిల్వ పైసాతో సహా కలిసింది. ఆడిటర్ గారూ, మీరు చెప్పకపోతే ఆ 37 సంగతి నాకు తెలిసేదే కాదు.

అసలు జబ్బు అలాగే ఉంది. ఈ రోజు కూడా 2:25కు ఆగిపోయింది.

బ్రాడీపేట సర్వీసు
మార్చి 6, రాత్రి 9:00

ఉదయం బాగుండి ఎండ ముదిరాక ఆగుతోంది, అదీ మిర్చి యార్డు పక్కన. నాకు మొదటి అనుమానం వేడి మీదే ఉంది. కోర్ టెంప్ అనే చిన్న ప్రోగ్రాము వేసి మధ్యాహ్నం ప్రాసెసరు వేడి ఎంత ఉందో చూడండి. 100 డిగ్రీల చేరువకు వెళితే ప్రాసెసరు ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి తగ్గకపోతే తనను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేస్తుంది. సీపీయూ పక్క డోరు తీసి లోపల ఎలా ఉందో కూడా చూసి చెప్పండి. ప్లగ్గు తీసేసి, ఆరుబయట పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయండి. బ్లోయరు పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలి విసురుకు విపరీతంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

యార్డు గుమాస్తా
మార్చి 7, సాయంత్రం 6:15

మధ్యాహ్నం 94 డిగ్రీలు చూపించింది. యార్డు సద్దుమణిగాక కొట్టు వెనక అరుగు మీద పెట్టి డోరు తీశాను. తీయగానే ఘాటు ముక్కుకు తగిలింది. ప్రాసెసరు మీది ఫ్యాను విప్పి చూస్తే దాని కింది అల్యూమినియం రేకుల సందులు కనిపించనే లేదు. ఎర్రటి మిరప దుమ్మూ, టిక్కీల గోనెపీచూ కలిసి కంబళి ముక్కలాగా పరుచుకుని ఉన్నాయి. చీపురుపుల్లతో ఒక మూల లేపితే మొత్తం ఒకే తునకగా లేచి వచ్చింది, నా అరచేతి అంత ఉంది. దాని వెనక వైపు రేకుల గీతలు అచ్చు పడ్డాయి. వేడిని రేకులకు చేరవేయడానికి ప్రాసెసరు మీద పూసిన పేస్టు సుద్దముక్కలాగా ఎండి గోరు తగిలితే రాలిపోయింది. పాతది మెత్తటి గుడ్డతో తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాను. ఇప్పుడు ట్యాలీ నడుస్తుండగా 58 డిగ్రీలు ఉంది. మీ అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి.

బ్రాడీపేట సర్వీసు
మార్చి 7, సాయంత్రం 6:40

చాలా మంచి పని చేశారు. యార్డు చుట్టుపక్కల కొట్లలో నెలకు ఒకసారైనా ఈ పని తప్పదు. సీపీయూను నేల మీద కాకుండా బల్ల ఎత్తున పెడితే దుమ్ము కొంత తక్కువగా లోపలికి వెళుతుంది. చల్లగా ఉంటుందని డోరు తీసేసి నడిపేవారు కూడా ఉన్నారు, అలా చేయవద్దు. డోరు మూసి ఉంటేనే గాలి ఒక దారిన వెళ్లి ఒక దారిన వస్తుంది.

యార్డు గుమాస్తా
మార్చి 10, మధ్యాహ్నం 3:05

క్షమించండి, మళ్లీ రాయవలసి వచ్చింది. ఆదివారం యార్డు లేదు, నిన్న బాగానే నడిచింది. ఈ రోజు 2:40కి మళ్లీ ఆగిపోయింది. ఆగడానికి నిమిషం ముందే చూశాను, వేడి 62 డిగ్రీలే ఉంది. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్, 41 అని ఎర్ర గుర్తు ఉంది. ఇంతకుముందు ఆగిన ప్రతిసారికీ అదే గుర్తు ఉంది.

ఆటోనగర్ వైరింగ్ (విజయవాడ)
మార్చి 10, సాయంత్రం 5:20

నేను కంప్యూటరు మనిషిని కాదు, యూపీఎస్‌లూ ఇన్వర్టర్లూ ఎర్తింగులూ చూసేవాణ్ణి. మొదటి నుంచీ చదువుతున్నాను. 41 అనేది సరిగ్గా మూయకుండానే యంత్రం ఆగిందని విండోస్ రాసుకునే గుర్తు మాత్రమే. వేడికి ఆగినా అదే రాస్తుంది, కరెంటు తెగినా అదే రాస్తుంది, కాబట్టి దానితో కారణం తేలదు. నాకు రెండు సంగతులు చెప్పండి.

సీపీయూ ఆగిన క్షణంలో మానిటరు మీద ఉండే చిన్న దీపం వెలుగుతూనే ఉందా, అదీ ఆరిందా? ప్రాసెసరు తన వేడికి తాను ఆగితే మానిటరుకు కరెంటు పోదు. తెర నల్లబడి, సిగ్నల్ లేదని రాసి, దీపం వెలుగుతూనే ఉంటుంది. అదీ ఇదీ కలిసి ఆరాయంటే దోషం సీపీయూలో లేదు, ఆ రెండింటికీ కరెంటు ఇచ్చే యూపీఎస్‌లో ఉంది. రెండోది, ఆగిన ఆ నిమిషంలో మీరు సరిగ్గా ఏమి పని చేస్తున్నారు?

యార్డు గుమాస్తా
మార్చి 10, సాయంత్రం 6:10

దీపం సంగతి ఎప్పుడూ గమనించలేదు, రేపు చూస్తాను. పని మాత్రం గుర్తుంది, పట్టీలు ప్రింటు ఇస్తున్నాను. ఉదయం బేరాలు, ఆ తరువాత కాటాలు అవుతాయి కాబట్టి పట్టీలన్నీ మధ్యాహ్నమే ప్రింటు అవుతాయి. అడిగారు కాబట్టి ఇప్పుడు స్ఫురిస్తోంది, ఆగిన చాలాసార్లు ప్రింటే నడుస్తోంది. లేజర్ ప్రింటరు మాది. సీపీయూ, మానిటరు, ప్రింటరు మూడూ 600 వీఏ యూపీఎస్ వెనకే ఉన్నాయి.

ఆటోనగర్ వైరింగ్
మార్చి 10, సాయంత్రం 6:35

మీ జబ్బు అక్కడే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. లేజర్ ప్రింటరు కాగితం మీద పొడిని అంటించడానికి లోపల ఒక రోలరును బాగా వేడి చేస్తుంది. ఇస్త్రీ పెట్టెలాగా అది ఉండి ఉండి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. చిన్న ప్రింటరే అయినా ఆ క్షణంలో 400 వాట్లు దాటి లాగడం మామూలు. 600 వీఏ అని పెట్టె మీద రాసి ఉన్న యూపీఎస్ వాట్లలో ఇవ్వగలిగేది సాధారణంగా 360. కరెంటు నిండుగా ఉన్నంతసేపు ఎలాగో మోస్తుంది. మధ్యాహ్నం చుట్టుపక్కల ఏసీలు, కూలర్లు వేసి ఓల్టేజీ పడిపోగానే యూపీఎస్ బ్యాటరీ మీదకు మారుతుంది. సరిగ్గా అప్పుడే రోలరు వేడెక్కిందంటే, ఆ బరువు మోయలేక మొత్తం వదిలేస్తుంది. ఎండలు ముదిరిన ఈ పది పదిహేను రోజుల్లోనే మొదలు కావడానికి కూడా కారణం అదే.

ప్రింటరును యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌కు ఇవ్వండి. యూపీఎస్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే పెట్టవద్దు, విడి సాకెట్ కావాలి. ప్రింటు మధ్యలో కరెంటు పోతే ఒక కాగితం పాడవుతుంది, అంతే. తరువాత ఫైళ్లన్నీ మూసి, సీపీయూ, మానిటరు మాత్రమే ఉంచి, యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి లాగి ఎంతసేపు నిలబడుతుందో వాచీ చూసి చెప్పండి.

యార్డు గుమాస్తా
మార్చి 11, మధ్యాహ్నం 3:30

ముందు ఉన్నది ఉన్నట్టే ఉంచి ప్రింటు ఇచ్చాను. ఆరో పట్టీ దగ్గర యూపీఎస్ కూత వేసి అంతా ఆగింది. ఈసారి కళ్లు మానిటరు మీదే పెట్టాను, దాని దీపం కూడా ఆరింది. తరువాత ప్రింటరు ప్లగ్గును గోడ సాకెట్‌కు మార్చి ఏకధాటిగా 80 పట్టీలు తీశాను, ఆగలేదు. యూపీఎస్ ప్లగ్గు లాగి చూస్తే 40 సెకన్లే నిలబడింది. విప్పి చూస్తే 12 వోల్టుల బ్యాటరీ రెండు పక్కలా ఉబ్బి ఉంది. కొని నాలుగేళ్లు దాటిందట.

బ్రాడీపేట సర్వీసు
మార్చి 11, మధ్యాహ్నం 3:50

వైరింగ్ గారూ, మానిటరు దీపం గురించి మీరు అడిగిన ప్రశ్న నేను మొదటి రోజే అడగవలసింది. 94 డిగ్రీలు నిజమైన దోషమే, సరిచేయవలసిందే, కానీ అది దొరకగానే వెతకడం ఆపేశాను. గుమాస్తా గారూ, ఉబ్బిన బ్యాటరీని వెంటనే మార్చండి, పాతదాన్ని చెత్తలో వేయకుండా బ్యాటరీ కొట్టులోనే ఇచ్చేయండి. ఇప్పుడు హార్డ్‌డిస్క్ సంగతి చూద్దాము. హార్డ్‌డిస్క్ బదులు, తిరిగే భాగాలు లేని 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే మీ పాత యంత్రమే వేగంగా తెరుచుకుంటుంది. జబ్బు పడిన డిస్కును ఉన్నది ఉన్నట్టుగా కొత్తదానిలోకి దించకుండా, విండోస్ కొత్తగా ఎక్కించి, డేటాను మాత్రం కాపీ నుంచి తెచ్చుకోండి. పాత డిస్కును తుడవకుండా ఆరు నెలలు బీరువాలో ఉంచండి.

యార్డు గుమాస్తా
మార్చి 14, రాత్రి 8:45

ఎస్‌ఎస్‌డీ వేశాము, ట్యాలీ బాగానే ఉంది. ఇంకొక్క చిక్కు మిగిలింది. రైతుల పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు ఒక ఎక్సెల్ ఫైలులో తెలుగులో ఉన్నాయి. మొత్తం 611 పేర్లు. పట్టీ మీద తెలుగు పేరు అందులో నుంచే వస్తుంది. ఇప్పుడు ఆ ఫైలు తెరిస్తే పేర్ల చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తున్నాయి. అమ్మాయి గారి ల్యాప్‌టాప్‌లోనూ ఇలాగే ఉంది. ఫైలు చెడిపోయిందా?

గవర్నరుపేట డీటీపీ (విజయవాడ)
మార్చి 14, రాత్రి 9:30

ఫైలు చెడిపోలేదు, నిశ్చింతగా ఉండండి. ఇరవై ఏళ్లుగా పెళ్లి శుభలేఖల నుంచి పుస్తకాల దాకా ఈ అక్షరాల మధ్యే బతుకుతున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీ ఫైలు తయారు చేసినవారు అను లాంటి పాత పద్ధతి ఫాంటుతో టైపు చేసి ఉంటారు. ఆ పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు అనేదే తెలియదు. లోపల భద్రమయ్యేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే, ఆ సంఖ్యలకు తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు బొమ్మలను తొడిగి చూపించేది ఫాంటు. ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు, లేని యంత్రంలో అది గందరగోళం. యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సొంత చోటు ఉంది, 'క' అనే అక్షరం ఏ యంత్రంలోనైనా 0సీ15 మాత్రమే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనే గౌతమి ఫాంటు దానితోపాటు వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మల ఉంది. కాబట్టి యూనికోడ్‌లో రాసిన పేరును మీ ల్యాప్‌టాప్ చదువుతుంది, రైతు ఫోన్ కూడా చదువుతుంది.

రేపటి పట్టీల కోసం, పాత డిస్కులోని విండోస్ ఫోల్డరులో ఫాంట్స్ అనే ఫోల్డరు నుంచి ఆ ఫాంటు ఫైలును తెచ్చి కొత్తదానిలో ఇన్‌స్టాల్ చేయండి, పేర్లు వెంటనే కనిపిస్తాయి. కానీ అక్కడితో ఆగవద్దని నా మనవి. పాత పేర్ల వరుసను అలాగే ఉంచి, పక్కన కొత్త వరుస తెరిచి, మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చండి. ఆ ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర, ముఖ్యంగా ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు వచ్చిన చోట తడబడతాయి. మధ్యలో ఇంగ్లీషు పొడి అక్షరాలో అంకెలో ఉంటే వాటిని కూడా తెలుగు అనుకుని మార్చేస్తాయి. 611 పేర్లనూ కంటితో చూడడం తప్ప వేరే దారి లేదు. ఒక మనిషి పేరు తప్పుగా అచ్చు వేసి అతని చేతిలో పెట్టడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

మరొక్క మాట. రాజ్‌కుమార్ అని టైపు చేసేటప్పుడు 'జ్' తరువాత కంటికి కనిపించని విడదీసే గుర్తు పడకపోతే అది రాజ్కుమార్ అవుతుంది. చూడడానికి వికారంగా ఉండడమే కాదు, వెతికినప్పుడు ఒకటి దొరికితే మరొకటి దొరకదు, ఒకే రైతుకు రెండు ఖాతాలు పుడతాయి. ఇకమీదట కొత్త పేర్లు టైపు చేయడానికి వేరే ప్రోగ్రాము కొననవసరం లేదు. విండోస్ 10లో 2019 మే నాటి మార్పు నుంచి పలికినట్టు టైపు చేసే తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగులలో తెలుగు భాషను చేర్చి, దాని కీబోర్డులలో తెలుగు ఫొనెటిక్ ఎంచుకుంటే చాలు.

పటమట ఆడిటర్ ఆఫీసు
మార్చి 15, ఉదయం 10:10

విండోస్ 10 ప్రస్తావన వచ్చింది కాబట్టి క్లుప్తంగా ఒక మాట. దానికి మామూలు భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ నాలుగో తరం ప్రాసెసరు విండోస్ 11 అడిగే జాబితాలో లేదు. ఏడాది లెక్కలు ముగిశాక కొత్త యంత్రం గురించి షావుకారు గారితో మాట్లాడండి. అంతవరకు ఆ యంత్రం మీద బ్యాంకు పనులు చేయకపోవడం మేలు.

సింగ్‌నగర్ టీచరు (విజయవాడ)
మార్చి 15, సాయంత్రం 7:00

నేను కంప్యూటర్ల గురించి సలహా ఇచ్చేంతదాన్ని కాదు, కానీ కాపీ ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మాది కింది వాటా. పిల్లల ప్రశ్నపత్రాలు, పన్నెండేళ్ల నోట్సు, మా నాన్నగారి ఫొటోలు అన్నీ కంప్యూటరులో ఉండేవి. నేను జాగ్రత్తపరురాలినే, ప్రతి ఆదివారం విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీసేదాన్ని. ఆ హార్డ్‌డిస్క్ అదే బల్ల సొరుగులో ఉండేది. నీళ్లు తీశాక సొరుగు లాగితే రాలేదు, చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. పగలగొట్టి తీస్తే డిస్కు బురదలో కూరుకుపోయి ఉంది. ఆరబెట్టి ఒకసారి ఆన్ చేసి చూద్దామనే ఆత్రంలో కరెంటు పెట్టాను, అది కూడా చేయకూడదని తరువాత తెలిసింది. నాకు మిగిలినవి, అంతకుముందు వేసవిలో నూజివీడులోని మా తమ్ముడికి ఒక పెన్‌డ్రైవ్‌లో పంపిన ఫొటోలు మాత్రమే.

గుమాస్తా గారూ, మీ రెండు కాపీలూ కొట్టులోనే ఉన్నట్టున్నాయి. ఒకటి దయచేసి ఇంటికి తీసుకువెళ్లండి.

యార్డు గుమాస్తా
మార్చి 21, రాత్రి 9:20

టీచరు గారూ, మీ మాట చదివిన రాత్రే ఒక పెన్‌డ్రైవ్ నల్లపాడులోని మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకున్నాను. ఒకటి కొట్టులో ఉంటే మరొకటి ఇంట్లో ఉంటుంది, రోజూ సాయంత్రం మార్చుకుంటాను. శనివారం నాడు కాపీని ల్యాప్‌టాప్‌లో తెరిచి చివరి పట్టీ నంబరు సరిచూస్తాను. డీటీపీ గారూ, పాత ఫాంటు దొరికింది. యూనికోడ్‌లోకి మార్చిన పేర్లలో 480 చూడడం పూర్తయింది, 29 చోట్ల ఒత్తులు తప్పాయి, ఫోన్ చేసి అడిగి దిద్దాను. కొత్త బ్యాటరీతో యూపీఎస్ 14 నిమిషాలు నిలబడింది.

ప్రింటరు ప్లగ్గు మీద యూపీఎస్‌లో పెట్టవద్దని ఎర్ర ఇంకుతో రాసి అంటించాను, నేను లేని రోజు వేరే వాళ్లు మారుస్తారేమోనని. ఈ రోజు మధ్యాహ్నం యార్డులో సరుకు ఎక్కువ, 212 పట్టీలు తీశాము. ఒక్కసారి కూడా ఆగలేదు, వేడి 59 దాటలేదు.